రోజుల లెక్క వాళ్ళ దగ్గరుంది, కారణాలు మన దగ్గరున్నాయి

హాంకాంగ్‌లో ఏడేళ్ళు కాపురం ఉంటే శాశ్వత నివాస హక్కు అడగవచ్చు కాబట్టి, ఏడేళ్ళు నిండబోతున్న తెలుగు కుటుంబాలు నాలుగు ఒకచోట కలిస్తే మాట చివరికి ఆ కాగితాల మీదికే వస్తుంది. "మా ఆయనకు సెప్టెంబరుతో ఏడేళ్ళు పూర్తవుతాయి" అంటారొకరు. "పిల్లలది కూడా అందులోనే కలిపేయండి, ఒక్కసారే పనైపోతుంది" అంటారు ఇంకొకరు. ఈ కలిపేయడంతోనే నాకు పేచీ. పిల్లల నివాస హక్కు దరఖాస్తు తండ్రి ఫైలు వెనక పిన్ను కొట్టే కాగితం అనుకోవడం వల్ల సగం ఇబ్బందులు వస్తున్నాయి. రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుని, ఆ రోజుల వెనక ఉన్న కారణాలను పట్టించుకోకపోవడం వల్ల మిగతా సగం.

నేను న్యాయవాదిని కాను. హాంకాంగ్‌లోని టుంగ్ చుంగ్‌లో కాపురం ఉంటూ ఇద్దరు పిల్లల కాగితాలు చూసుకున్న తల్లిని. మా అమ్మాయి ఏలూరులో పుట్టింది, అబ్బాయి హాంకాంగ్‌లో పుట్టాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో పెరిగారు, ఒకే బడికి వెళ్ళారు. చట్టం మాత్రం ఇద్దరినీ చెరో దారిలో నడిపించింది.

1997 జులై 1 నుంచి అమల్లో ఉన్న, హాంకాంగ్‌కు రాజ్యాంగంలాంటి మౌలిక చట్టంలోని 24వ అధికరణం శాశ్వత నివాసులను ఆరు వర్గాలుగా చెబుతుంది. చైనా జాతీయులం కాని మనలాంటివారికి ముఖ్యంగా పనికొచ్చేవి నాలుగోది, అయిదోది. సరైన ప్రయాణ పత్రాలతో వచ్చి, ఎడతెగకుండా కనీసం ఏడేళ్ళు సాధారణ నివాసం (అంటే మామూలుగా ఇక్కడే కాపురం) ఉండి, హాంకాంగ్‌నే శాశ్వత నివాసంగా చేసుకున్నవారు నాలుగో వర్గం. అలాంటివారికి హాంకాంగ్‌లో పుట్టి, ఇంకా 21 ఏళ్ళు నిండని పిల్లలు అయిదో వర్గం. ఈ పిల్లలు పుట్టిన నాటికి తల్లిదండ్రులకు హక్కు ఉండితీరాలని లేదు. పిల్లవాడికి 21 నిండేలోపు ఇద్దరిలో ఒకరికి వచ్చినా చాలు.

మా అబ్బాయి పుట్టినప్పుడు మాకింకా ఏడేళ్ళు కాలేదు. హాంకాంగ్ జనన ధ్రువీకరణ పత్రంలో శాశ్వత నివాస హోదా గురించి ఒక గడి ఉంటుంది. వాడి పత్రంలో ఆ గడిలో 'నిర్ధారణ కాలేదు' అనే అర్థం వచ్చే మాట అచ్చయింది. ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తల్లో ఆ కాగితం చూసి మా అత్తయ్యగారు ఫోనులో కంగారుపడ్డారు, "అదేమిటమ్మా, పుట్టిన ఊళ్ళో పిల్లవాడికి హోదా లేకపోవడమేమిటి?" అని. ఆ గడిలో అలా ఉందంటే వాడు భారతీయ పాస్‌పోర్టు మీద, డిపెండెంట్ వీసాతో, మా నీడలో ఉంటాడని. జననం 42 రోజుల్లోపు నమోదు చేయించుకుంటే రుసుము లేదు. ఆ తరువాత అడ్మిరాల్టీలోని మన కాన్సులేటులో నమోదు. విదేశంలో పుట్టిన బిడ్డ జననాన్ని ఏడాదిలోపు కాన్సులేటులో నమోదు చేయించాలని మన పౌరసత్వ చట్టమే అంటోంది. ఈ రెండు పనులూ అయ్యాక వాడి విషయంలో మిగిలింది ఎదురుచూడటమే. మావారికి హక్కు వచ్చింది, వాడి దరఖాస్తు పెట్టాము. తండ్రికి వచ్చినంత మాత్రాన ఆ గడి దానంతట అది మారదు, దరఖాస్తు మాత్రం విడిగా పెట్టాల్సిందే. అయితే వాడి ఫైలు పలచనిది. ఇక్కడ పుట్టాడనీ, ఈయనే తండ్రి అనీ, ఈయనకు హక్కు ఉందనీ తేలితే చాలు.

అమ్మాయి దారి అలా కాదు. అది పుట్టింది ఏలూరులో కాబట్టి అయిదో వర్గంలోకి రాదు. తల్లిదండ్రులిద్దరికీ శాశ్వత నివాసం వచ్చినా రాదు. ఆ పసిదానికి దానివైన ఏడేళ్ళు ఉండాలి, అవి అది చేతుల్లో ఉన్నప్పుడు మొదలవుతాయి. హాంకాంగ్‌నే శాశ్వత నివాసంగా చేసుకున్నానని ఒక వాంగ్మూలం కూడా ఉండాలి. 21 నిండని పిల్లల తరఫున తల్లో తండ్రో సంరక్షకులో ఆ వాంగ్మూలం ఇస్తారు.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మనకు చట్టం కన్నా గట్టి మాట. ఈ సంగతి ముందే తెలిసుంటే నువ్వు ఏలూరు వెళ్ళేదానివా అని నన్ను చాలామంది అడిగారు. వెళ్ళేదాన్నే. కారణం కూడా చెబుతాను. 2017 జనవరి నుంచి భారతీయులు హాంకాంగ్‌కు సందర్శనకు రావాలంటే ముందుగా ఆన్‌లైన్ నమోదు చేసుకోవాలి, దాని మీద ఒక్కో రాకకు 14 రోజులే ఉండనిస్తారు. అంతకు మించి ఉండాలంటే వీసా ఉండాలి. అరవై దాటిన తల్లిదండ్రులను డిపెండెంట్లుగా తెచ్చుకునే వీలు ఉంది కానీ అది శాశ్వత నివాసులకే. అంటే మనం ఏడేళ్ళు పూర్తిచేసే కాలంలో, సరిగ్గా పిల్లలు పుట్టే వయసులో, అమ్మ వచ్చి నెలల తరబడి దగ్గరుండే దారి దాదాపు లేదు. అమ్మ రాలేనప్పుడు కూతురే వెళుతుంది. ఇందులో అజ్ఞానం ఏమీ లేదు. పథ్యం పెట్టి బిడ్డకు నీళ్ళు పోసే మనిషి కావాలా, ఇరవయ్యేళ్ళ తరువాత పనికొచ్చే జనన పత్రం కావాలా అని ఒక ఆడపిల్లను అడిగితే ఏం చెబుతుంది? అయినా ఆ ఎంపికకు ధర ఉంది. అదెంతో తెలిసి చెల్లించాలి. ఈ మధ్య ఒక అమ్మాయి ఆరో నెలలో నాకు ఫోను చేసి, "అక్కా, వెళ్ళనా, ఉండనా?" అని అడిగింది. వెళ్ళు, కానీ బిడ్డతో తిరిగి వచ్చిన రోజు నుంచి బిడ్డ పేరు మీద ఒక ఫైలు తెరువు, అన్నాను.

ఆ ఫైలులో ఏముండాలన్నది నేను చూసినంతలో ఎవరూ సరిగా చెప్పరు. జాబితాలు చెబుతారు. పాస్‌పోర్టు, జనన పత్రం, బడి కాగితం, ఫోటో. జాబితా తప్పు కాదు, కానీ అది దరఖాస్తు రోజుకు సంబంధించిన జాబితా. ఏడేళ్ళ జీవితం ఆ ఒక్కరోజులో పోగుపడదు. ఉద్యోగి అయిన తండ్రికి జీతం చీటీలు, పన్ను నోటీసులు, అద్దె ఒప్పందాలు వద్దన్నా వచ్చి పడతాయి. పసిపిల్లకు ఏం వస్తుంది? పదకొండేళ్ళ దాకా ఐడీ కార్డు కూడా ఉండదు. కరెంటు బిల్లు దాని పేరున రాదు. బడిలో వేసే దాకా అది ఈ ఊళ్ళో ఉన్నట్టు చెప్పే కాగితాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అందుకే టీకాల కార్డును బంగారంలా దాచుకోండి అంటాను. ప్రభుత్వ మాతా శిశు ఆరోగ్య కేంద్రంలో టీకా వేసిన ప్రతిసారీ తేదీ పడుతుంది. ఆ తేదీన బిడ్డ హాంకాంగ్‌లో ఉందనడానికి అంతకన్నా సూటి రుజువు ఏముంటుంది? జ్వరానికి చూపించిన క్లినిక్ రసీదు, ప్లేగ్రూపు ఫీజు రసీదు, కిండర్‌గార్టెన్ నివేదిక కూడా ఆ కోవలోవే. వీటిలో సగం మనం చెత్తబుట్టలో వేసేవి.

పాత పాస్‌పోర్టు కూడా పారేయకూడదు. మన పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్ళకే ముగుస్తుంది కాబట్టి ఏడేళ్ళలో కనీసం రెండు పాస్‌పోర్టులవుతాయి. రద్దుచేసి మూల కత్తిరించి ఇచ్చిన పాతదానిలోనే తొలి వీసా, తొలి రాక ఉంటాయి. హాంకాంగ్ సరిహద్దులో పాస్‌పోర్టు మీద ముద్ర వేసే పద్ధతి 2013లోనే పోయింది, ఇప్పుడు చిన్న చీటీ చేతికిస్తారు, అది వారం తిరక్కుండానే ఎటో పోతుంది. మన వైపు ముద్రలు మాత్రం ఉంటాయి. శంషాబాద్‌లో గుద్దిన ముద్రే మా అమ్మాయి ప్రయాణాల పట్టికకు ఆధారమైంది.

పేర్ల సంగతికి వస్తే తెలుగువాళ్ళకు అదొక ప్రత్యేకమైన నరకం. నా పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంది. మొదటి పాస్‌పోర్టులో అది పూర్తిగా విచ్చుకుంది. పెళ్ళయ్యాక తీసుకున్న పాస్‌పోర్టులో మావారి ఇంటిపేరు చేరింది. ఏలూరు పురపాలక సంఘం ఇచ్చిన అమ్మాయి జనన పత్రంలో నా పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉంది, కాన్పు చేసిన ఆసుపత్రిలో అమ్మ రాయించింది మరి! మావారి పేరులోని 'వెంకట'కు ఒక కాగితంలో ఒక అక్షరం ఎక్కువ. పైగా మొదట వచ్చిన పత్రంలో అమ్మాయి పేరే లేదు. బారసాల కాకముందే జననం నమోదైంది కనుక పేరు గడి ఖాళీ. మన దగ్గర ఇది మామూలే. పేరు తరువాత చేర్పించుకోవచ్చు, ఏడాదిలోపు రుసుము లేకుండా, ఆ తరువాత పదిహేనేళ్ళ దాకా ఆలస్య రుసుముతో. కానీ పేరు లేని పత్రం నకలును ఏ వీసా దరఖాస్తుతోనో ఒకసారి జతచేసి, ఆ తరువాత పేరున్న పత్రం పెడితే, చూసే అధికారికి రెండు కాగితాలు కనిపిస్తాయి. మన బారసాల ఆచారం గురించి ఆయనకు తెలియాల్సిన పని లేదు. చెప్పాల్సింది మనం.

దీనికి మనవాళ్ళు వెంటనే చేసే పని ఊళ్ళో నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించడం. అవసరమైన చోట మంచిదే. కానీ ఇద్దరు ఒకరే అని చెప్పే అఫిడవిట్ కన్నా, పేరు ఎప్పుడు ఎందుకు మారిందో చూపించే అసలు కాగితం బలమైనది. సబ్‌రిజిస్ట్రార్ ఇచ్చిన వివాహ నమోదు పత్రంలో నా పాత పేరు, మావారి పేరు, తేదీ మూడూ ఉన్నాయి. ఆ ఒక్క కాగితం మిగతావాటన్నిటినీ ముడివేసింది. గుళ్ళో పెళ్ళి చేసుకుని నమోదు చేయించుకోని జంటలు ఇప్పటికీ ఎందరో ఉన్నారు, వాళ్ళు పిల్లల దరఖాస్తుకు ఏళ్ళ ముందే ఆ పని చూసుకోవడం మేలు. మన ప్రభుత్వ పత్రాలకు అపోస్టిల్, అంటే ఇంకో దేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ, కావాల్సివస్తే భారత్ 2005 నుంచి దానికి సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందంలో ఉంది, విదేశాంగ శాఖ వేస్తుంది. ఇంకా ఏదైనా ప్రమాణపూర్వకంగా చెప్పవలసి ఉంటే హాంకాంగ్ హోం అఫైర్స్ శాఖ విచారణ కేంద్రాల్లో ఉచితంగా చేయించుకోవచ్చు. ఈ చివరి ముక్క తెలియక వకీళ్ళకు డబ్బు పోసినవాళ్ళను చూశాను.

ఇక అసలు విషయం, గైర్హాజరు.

"ఇమ్మిగ్రేషన్ వాళ్ళ కంప్యూటర్లో మన రాకపోకలన్నీ ఉంటాయి కదా, మనం రుజువు చేసేదేమిటి?" అని వాదించేవారున్నారు. మావారు కూడా మొదట ఆ పక్షమే. నిజమే, ఏ రోజు వెళ్ళామో ఏ రోజు వచ్చామో వాళ్ళకు తెలుసు. అడిగితే ఆ ప్రయాణ రికార్డు మనకూ ఇస్తారు. కానీ చట్టం రోజుల దగ్గర ఆగదు. తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన సాధారణ నివాసం తెగిపోదని ఇమ్మిగ్రేషన్ ఆర్డినెన్స్ (హాంకాంగ్‌లో చట్టాన్ని ఆర్డినెన్స్ అంటారు) స్పష్టంగా అంటుంది. తెగిందా లేదా అన్నది తేల్చడానికి ఎందుకు వెళ్ళారు, ఎంతకాలం, ఎన్నిసార్లు, అలవాటైన ఇల్లు ఇక్కడే ఉందా, ఉద్యోగం ఇక్కడి సంస్థలోనా, భార్యాభర్తలూ మైనరు పిల్లలూ ఎక్కడున్నారు అని చూడమంటుంది. ఈ ప్రశ్నల్లో కంప్యూటర్ జవాబు చెప్పగలిగేవి ఎంతకాలం, ఎన్నిసార్లు అన్న రెండే. ఎందుకు అన్నదానికి జవాబు మన ఇంట్లో ఉంటుంది.

భార్యాభర్తలూ పిల్లలూ ఎక్కడున్నారన్న ప్రశ్నను మనవాళ్ళు మరీ తేలిగ్గా తీసుకుంటారు. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, అగ్గిపెట్టెలాంటి ఫ్లాటులో ఉంటూ, పిల్లను ఏడాదో రెండేళ్ళో అమ్మమ్మ దగ్గర ఉంచి రావడం మన కుటుంబాల్లో వింతేమీ కాదు. ప్రేమతో, అవసరంతో చేసే పని. కానీ ఆ రెండేళ్ళు రెండు ఫైళ్ళలో ప్రశ్నలవుతాయి. పిల్ల ఏడేళ్ళు అక్కడ తెగిపోయాయా అన్నది ఒకటి. మైనరు పిల్ల ఇంకో దేశంలో ఉండగా ఈ తల్లిదండ్రులు హాంకాంగ్‌ను శాశ్వత నివాసంగా చేసుకున్నారని ఎలా నమ్మాలి అన్నది రెండోది. అందుకే కలిపేయవద్దంటున్నాను. పిల్ల ఫైలు వేరు, అయినా తండ్రి ఫైలు మీద దాని నీడ పడుతుంది. రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని, ఒకదానిలో చెప్పినది ఇంకోదానితో పొసుగుతోందా అని చదువుకోవాలి.

మాకు వచ్చిన చిక్కు 2021లో. నాన్నగారికి ఒంట్లో బాగాలేదని ఆ మార్చిలో పిల్లలను తీసుకుని ఏలూరు వెళ్ళాను. కోవిడ్ వల్ల ఏప్రిల్ 20 నుంచి భారత్ నుంచి హాంకాంగ్‌కు ప్రయాణికుల విమానాలు ఆపేశారు. మావారు టుంగ్ చుంగ్‌లో, మేము ఏలూరులో. నెలలు గడిచాయి, అమ్మాయి హాంకాంగ్ బడి పాఠాలు మా నాన్నగారి పడకగది మూల కూర్చుని ఆన్‌లైన్లో విన్నది. మేము తిరిగి చేరేసరికి ఆ ఏడాది చివరికొచ్చింది. 2022 జనవరిలో ఎనిమిది దేశాల విమానాలను మళ్ళీ ఆపినప్పుడు, అందులో భారత్ ఉందని చూసి, ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఏప్రిల్ దాకా అక్కడే ఉండేవాళ్ళమని గుండెలు పట్టుకున్నాను. అమ్మాయి ఏడేళ్ళ లెక్కలో ఇదే అతి పెద్ద ఖాళీ.

ఒక ఏజెంటును అడిగితే, ఆ ఖాళీ గురించి మీరై మీరు మాట్లాడవద్దు, అడిగితే చూద్దాం, ఫైలు మాత్రం బరువుగా ఉండాలి అని సలహా ఇచ్చాడు. ఫోటో ఆల్బములు, పుట్టినరోజు కేకు బిల్లులు, పార్కు టికెట్లు అన్నీ పెట్టమన్నాడు. ఆ సలహాలోని రెండు సగాలూ తప్పే. రికార్డులో కొట్టొచ్చినట్టు కనిపించే ఖాళీని మనం చూడనట్టు నటిస్తే అవతలివాళ్ళు ఎందుకు నమ్మాలి? బరువు సంగతి మరీ విడ్డూరం. అధికారి వెతికేది ఒక దారం. రెండు వందల కాగితాల కింద దాన్ని పాతిపెడితే నష్టం మనకే. నేను ఒక పేజీ పట్టిక రాశాను: వెళ్ళిన తేదీ, వచ్చిన తేదీ, కారణం, దానికి ఏ కాగితం ఆధారం. వేసవి సెలవుల వరసలకు బడి క్యాలెండరు చాలింది. 2021 వరసకు మాత్రం విడిగా ఒక ఉత్తరం. నాన్నగారి ఆసుపత్రి కాగితం, రద్దయిన టికెట్లు, ఆ నెలల్లో అమ్మాయి ఆన్‌లైన్ తరగతులకు హాజరైందని బడి ఇచ్చిన లేఖ, అదే కాలంలో మావారు కట్టిన అద్దె రసీదులు. ఉత్తరం ఒక పేజీ దాటలేదు, ఎక్కడా బతిమాలలేదు.

కొందరి విషయంలో కారణం ఇంత శుభ్రంగా ఉండదు. పిల్లను నిజంగానే ఒక ఏడాది విజయవాడ బడిలో వేసి ఉంటారు. దాన్ని సెలవులని రాయమనే బంధువులుంటారు. వద్దు. తప్పుడు వాంగ్మూలం నేరం, పట్టుబడితే పోయేది పిల్ల హక్కు. ఎందుకు వేశారో, ఎందుకు వెనక్కి తెచ్చుకున్నారో, ఆ ఏడాది హాంకాంగ్ ఇల్లు అలాగే ఉంచుకున్నారో లేదో రాయండి. ఏడేళ్ళు తెగాయనే తేల్చారనుకోండి, తిరిగి వచ్చిన రోజు నుంచి కొత్త లెక్క మొదలవుతుంది. పిల్లలకు కాలం ఉంది.

ఇదంతా రాస్తుంటే మా ఇంట్లో పిల్లలను ఎత్తి పెంచిన ఫిలిప్పీన్స్ ఆవిడ గుర్తుకొస్తోంది. ఆమె హాంకాంగ్‌లో మాకంటే ఎక్కువ ఏళ్ళున్నారు. ఇంటిపని వీసా మీద గడిపిన కాలం సాధారణ నివాసం కిందికి రాదని ఆర్డినెన్స్ అంటుంది, 2013 మార్చిలో అక్కడి తుది అప్పీలు కోర్టు కూడా దాన్ని సమర్థించింది. మా అమ్మాయి ఏడేళ్ళను రుజువు చేసిన టీకా కార్డులో సగం తేదీలకు బిడ్డను చంకనేసుకుని వెళ్ళింది ఆవిడే. చట్టం ఎవరి ఏళ్ళను లెక్కిస్తుందో ఎవరివి లెక్కించదో మనకు అనుకూలంగా ఉన్నంతకాలం మనం అడగము. నా దగ్గర దీనికి జవాబు లేదు కానీ ఏడేళ్ళు కష్టపడి సంపాదించుకున్నాం అని మనవాళ్ళు గొప్పగా అన్నప్పుడల్లా నోరు నొక్కుకుంటాను.

హక్కు వచ్చాక ఫైలు అటక మీద పడేసే అలవాటు గురించి కూడా చెప్పాలి. అబ్బాయి ఫైలు పలచనిదని అన్నాను కదా, దానికి గడువు ఉంది. అయిదో వర్గం హక్కు 21 ఏళ్ళు నిండే దాకానే. ఆ తరువాత వాడు తన సొంత ఏడేళ్ళతో, తన సొంత వాంగ్మూలంతో నాలుగో వర్గంలోకి మారాలి. తండ్రి పేరు చెప్పి వచ్చినది అక్కడితో ఆగిపోతుంది. అమ్మాయికి ఈ గొడవ లేదు, తన దారి మొదటి నుంచీ తనదే. పుట్టింటి కాన్పు వల్ల అమ్మాయికి నష్టం జరిగిందని జాలిపడినవాళ్ళకు నేను ఈ మాట చెబుతుంటాను.

ఇద్దరికీ వర్తించేది ఇంకొకటి ఉంది. హాంకాంగ్‌లో సాధారణ నివాసం మానేశాక ఎడతెగకుండా 36 నెలలు ఇక్కడికి రాకపోతే చైనా జాతీయులు కానివారి నివాస హక్కు పోతుంది. వచ్చి ఉండే వీలు, పనిచేసుకునే వీలు మిగులుతాయి కానీ అది పూర్తి హక్కు కాదు. పై చదువులకు అమెరికాకో ఆస్ట్రేలియాకో పంపే వాళ్ళం కదా అందరం. చదువుకు వెళ్ళడం తాత్కాలిక గైర్హాజరే అని చెప్పుకోవచ్చు. కానీ అలా చెప్పుకోవడానికి కూడా కాలేజీ కాగితాలు, సెలవుల్లో ఇంటికి వచ్చిన టికెట్లు కావాలి.

నిరుడు అమ్మాయికి పదకొండు నిండాయి. నిండిన ముప్పై రోజుల్లోపు బాలల ఐడీ కార్డుకు నమోదు చేయించుకోవాలి కాబట్టి తీసుకెళ్ళాము. తన ఫైలు తనే మోసుకొచ్చింది, బొత్తిగా సంబంధం లేని ఒక డ్రాయింగు పోటీ సర్టిఫికెట్టు కూడా అందులో పెట్టుకుంది. తీసేయమని నేను అనలేదు. దాని మీద బడి ముద్ర, తేదీ ఉన్నాయి.